అడిగినదానికన్నా మంచి తెర

నా ఉద్యోగ జీవితంలో చేసిన బేరాలన్నిటిలోకీ గొప్పది ఒకటుంది. మా కంపెనీలో అడిగిన సరుకు కన్నా మేలురకం సరుకును, అడిగినదాని ధర కన్నా తక్కువకు, పైన అద్దం ఉచితంగా వేయించుకుని మరీ తెచ్చాను. ఒకటీ రెండూ కాదు, పది. అమ్మిన కుర్రవాడు డబ్బు అందుకుంటూ, "అంకుల్, మీరు మా షాపులో పనికి వచ్చేయండి లా" అన్నాడు, మాట చివర లా తగిలించే సింగపూర్ అలవాటుతో. ఆ మాటను మూడు రోజుల పాటు కనిపించిన ప్రతివాళ్లకూ చెప్పుకున్నాను. నాలుగో రోజు నుంచి చెప్పుకోవడం మానేశాను. ఆ బేరం వల్ల మా కంపెనీలో ఒక మనిషి పని పోయింది.

ఈ మధ్య చాలామంది పిల్లలు సరదాకి పేకముక్కంత కంప్యూటర్ బోర్డు కొనుక్కుని, దానికి చిన్న టచ్ తెర తగిలించి, ఇంట్లో గోడకు పెట్టుకుంటున్నారు. తగిలించడం ఎలాగో మీకు నాకన్నా బాగా తెలుసు. నేను ఆ బోర్డుల మధ్య పన్నెండేళ్లు తిరిగినా వాటి ధర తప్ప మరేమీ నేర్చుకోని మనిషిని. అయినా, ఆ తెర ముందు ఎవరు నిలబడతారో చూసుకోకుండా కొంటే ఏమవుతుందో చెప్పగలను. అది మాత్రం నాకు బాగా తెలుసు.

చీరాలలో మా నాన్నది బట్టల కొట్టు. ఎదురుగా మేనమామ పచారీ కొట్టు, సందు చివర బాబాయి గాజుల కొట్టు. మా ఇంట్లో పిల్లవాడికి చొక్కా కొన్నామంటే, రంగు బాగుందా లేదా అని ఎవరూ అడగరు. ఎంతకిచ్చాడు, ఎంత నుంచి దింపావు అని అడుగుతారు. ఆ పెంపకంతో సింగపూర్ వచ్చి, ఏవేవో పనులు చేసి, చివరికి పాయా లేబర్ అనే పేటలో ఒక చిన్న కంపెనీలో కొనుగోళ్లు చూసే ఉద్యోగంలో కుదురుకున్నాను. ఓ పారిశ్రామిక భవనం మూడో అంతస్తులో నాలుగు గదులు. కార్డు రీడర్లు, టోకెన్ యంత్రాలు, తలుపు తాళాల పెట్టెలు బాగుచేసేవాళ్లం, కొన్ని తయారుచేసేవాళ్లం. యజమాని చైనీస్ మనిషి, నాకన్నా చిన్నవాడు. అందరం బాస్ అనేవాళ్లం.

తయారుచేసేవాళ్లం అని గొప్పగా రాశాను కాని, తయారీ అంతా ఒక్క బెంచి మీదే. ఆ బెంచి ముందు కూర్చునేది ఒక్క మనిషే. నాకన్నా రెండేళ్లు పెద్ద. అక్కా అనేవాణ్ణి. వాళ్ల ముత్తాత విశాఖ వైపు నుంచి వచ్చి ఇక్కడి రేవులో పనిచేశాడట. నాలుగు తరాల పాటు తెలుగును చెక్కుచెదరకుండా దాచుకున్నారు. దాచుకున్న పెట్టెలోకి అరవమూ, మలాయీ కూడా చేరిపోయాయి. చదవడం, రాయడం రాదు, మాట మాత్రం గలగలలాడుతుంది. చిన్నప్పుడు ఫ్యాక్టరీలో టంకం పెట్టడం నేర్చుకుంది. మిగతాది, ఆ బోర్డుల లోపల రాసే ప్రోగ్రాములతో సహా, తనంతట తానే నేర్చుకుంది. పొద్దున్న నేను లోపలికి అడుగుపెట్టగానే తల ఎత్తకుండానే అడిగేది: "తమ్ముడూ, మకాన్ అయిందా?" తిన్నావా అని. తినలేదంటే డబ్బా నా వైపు తోసేది.

అక్కడికి ఒకనాడు క్రాంజీ నుంచి పని వచ్చింది. అక్కడ భవన నిర్మాణ కార్మికులు ఉండే పెద్ద వసతి గృహం ఒకటుంది. గదిలో ఫ్యాను తిరగకపోయినా, కుళాయి కారినా చెప్పుకోవడానికి ఫోన్‌లో నింపే ఫారం ఒకటి పెట్టారు. అది ఇంగ్లీషులో ఉండేసరికి ఎవరూ నింపడం లేదు. అందుకని ప్రతి బ్లాకు మెట్ల దగ్గరా ఒక పెట్టె కావాలన్నాడు మేనేజరు. తెర మీద ముందు భాష ఎంచుకోవాలి, తర్వాత ఫ్యాను బొమ్మో కుళాయి బొమ్మో ముట్టుకోవాలి, గది నంబరు కొట్టాలి. అంతే. అక్క ఆ చిన్న బోర్డుకు ఏడంగుళాల తెర తగిలించి చేయవచ్చంది. ముందు రెండు పెట్టెలు నమూనాగా, నచ్చితే మరో పద్దెనిమిది, ఏడాది పొడుగునా మరమ్మతు పని.

బాస్ అందరినీ పిలిచి తేటగా చెప్పాడు. ఇది కుదిరితే బెంచి ఉంటుంది. కుదరకపోతే ఆ గది ఖాళీ చేసి, తయారైన పెట్టెలు బయటి నుంచి తెప్పించి అమ్ముకుంటాం. "బెంచి గది అద్దె ఎవరు కడతారు, మీరు కడతారా?" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు కాని, అతను నవ్వుతూ చెప్పిన మాటల్లో జరగనిది ఒక్కటీ లేదు.

అక్క ఆ రోజు మధ్యాహ్నం డబ్బా మూత తీస్తూ నాతో అంది: "ఇంకా నాలుగేళ్లు లాగితే చాలు తమ్ముడూ. ఈ వయసులో నాకు ఇంకెవరు బెంచి ఇస్తారు? సర్టిఫికెట్ అడుగుతారు. నా దగ్గర ఈ చేతులు తప్ప ఏముంది?"

తెరల కోసం ఆమె నాకిచ్చిన చీటీ మీద ఇంగ్లీషులో రెండే రెండు ముక్కలు: ఏడంగుళాలు, ఒత్తుడు రకం. రెండో ముక్క కింద గీత గీసింది. టచ్ తెరల్లో ముఖ్యంగా రెండు రకాలు. ఒకటి మన ఫోన్లలో ఉండేది, చర్మం తగిలితే పలుకుతుంది. రెండోది బరువు పడితే పలుకుతుంది. గోరుతో గీసినా, పెన్నుతో పొడిచినా, చేతికి తొడుగు ఉన్నా దానికి ఒకటే. ఈ రెండోది చూడటానికి మసగ్గా ఉంటుంది, పైపొర మెత్తటి ప్లాస్టిక్కు. మా బజారు కళ్లకు అది నాసిరకం.

నేను వెళ్లిన షాపులో ఒత్తుడు రకం యాభై రెండు డాలర్లన్నాడు. అరగంట బేరమాడినా ఒక్క డాలరూ దిగలేదు. లేచి వచ్చేస్తుంటే ఆ కుర్రవాడు వెనక నుంచి పిలిచాడు. "అంకుల్, ఫోన్ రకం ఉంది. ఏడంగుళాలే. పాత లాటు. పది తీసుకుంటే ముప్పై ఎనిమిది."

మేలురకం, తక్కువ ధర!

"గీతలు పడతాయేమో?" అన్నాను. కావాలంటున్నట్టు కనిపించకూడదు కదా.

"దళసరి అద్దం ఒకటి ఫ్రీగా వేసిస్తాను. కాని అంకుల్, వెనక్కి తీసుకోను. ఖచ్చితంగా తీసుకోను."

"వెనక్కి ఇవ్వడానికా బాబూ కొంటున్నాం?" అన్నాను. నమూనాకు కావలసినవి రెండు. తెచ్చింది పది.

బెంచి మీద పెట్టి పక్కకు జరిగి నిలబడ్డాను, పొగడ్త కోసం. అక్క ఒకటి తీసి వెలుతురుకు పట్టి చూసింది. వేలితో తట్టింది. చీటీ తీసి నా ముందు పెట్టింది.

"నేను రాసింది ఏంటి, నువ్వు తెచ్చింది ఏంటి?"

"ఇది మేలురకం అక్కా. ఫోన్లలో వాడేది. పైగా ముప్పై ఎనిమిదే."

"మేలురకం నిన్నెవరు అడిగారు లా?" నా చెయ్యి లాగి తిప్పి చూసింది. "బిల్లు పుస్తకం తప్ప ఏమీ పట్టుకోని చెయ్యి. ఇది దేన్ని ముట్టుకున్నా పలుకుతుంది. మా ఆయన ముప్పై ఏళ్లు షిప్‌యార్డులో గ్రైండర్ పట్టుకున్న మనిషి. వేళ్ల కొసలు చెప్పు అట్టలా ఉంటాయి. ఫోన్ ఎత్తాలంటే చిటికెన వేలితో గీస్తాడు, తెలుసా నీకు?"

"వాళ్లందరి దగ్గరా ఫోన్లు లేవా అక్కా? అవి పనిచేయడం లేదా?"

"వాళ్ల ఫోన్‌కి ఏ వేలు కావాలో వాళ్లకి తెలుసు. నీ పెట్టెకి ఏ వేలు కావాలో ఎవరికి తెలుసు? పైన మళ్లీ ఈ మందం అద్దం ఒకటి."

"అది ఫ్రీ అక్కా."

"అలామాక్!" అని, అయ్యో రాత అన్నట్టు మలాయీలో, నెత్తి కొట్టుకుంది. "ఫ్రీ అట!"

మార్చుకురమ్మంది. మార్చడానికి లేదని చెప్పాలంటే, ఆ ఒప్పందానికి తల ఊపింది నేనేనని చెప్పాలి. "చూస్తాను అక్కా" అన్నాను. రెండు రోజుల తర్వాత, "వాడు దొరకడం లేదు అక్కా" అన్నాను. మూడో రోజు ఆమే విసుగొచ్చి స్క్రూడ్రైవర్ తీసింది.

ఆ తెరలను ఆమె లొంగదీసుకున్న తీరు చెప్పాలి. బోర్డు నుంచి వచ్చే కరెంటు చాలక తెర మూల పసుపు మెరుపు గుర్తు వెలుగుతుంటే, దానికి వేరే తీగ వేసింది. పెట్టెలో తెరను తలకిందులుగా బిగించాల్సి వచ్చింది. బొమ్మను తిప్పింది, తిరిగింది. కాని తాకిడి తిరగలేదు. ఫ్యాను ముట్టుకుంటే కింద మూల ఉన్న కుళాయి వెలిగేది. దాన్ని సరిచేయడానికి రెండు రోజులు పట్టింది. తెలుగు మాటలు నన్ను రాయమంది. "గాలి పంకా పనిచేయుట లేదు" అని రాసి చదివి వినిపించాను.

"ఇది ఏ ఊరి తెలుగు తమ్ముడూ? పంతులుగారి పెళ్లి కార్డా? ఫ్యాను తిరగట్లేదు అని రాయి, చాలు" అంది.

రాశాను. అన్నీ కుదిరాక తెర మీద ఫ్యాను బొమ్మ తిరుగుతుంటే చూసి, ఆమె చిన్నపిల్లలా మురిసిపోతూ చేతులు తుడుచుకుంది. తర్వాత నా వైపు తిరిగి, ఆ రోజుల్లో అడిగిన ఒకే ఒక్క పని అడిగింది.

"శుక్రవారం మేనేజరు చూస్తాడు. అంతకు ముందు ఒక పెట్టె నువ్వు క్రాంజీ తీసుకెళ్లు. పనిలోంచి వచ్చినవాళ్ల చేత నొక్కించు. పదిమంది చాలు. పలక్కపోతే చెప్పు, ఆ అద్దం పీకేసి వేరే తెర నా డబ్బుతో తెస్తాను. అరగంట పని."

మంగళవారం వెళ్లాను. రైలు దిగి బస్సెక్కి, పెట్టెను ఒళ్లో పెట్టుకుని, సాయంత్రం అయిదు గంటలకల్లా వసతి గృహం గేటు దగ్గరున్నాను. కార్మికులను తెచ్చే లారీలు ఆరున్నర దాటితే గాని రావన్నాడు గార్డు. ఆఫీసు గదిలో కూర్చోబెట్టారు. ప్లగ్గు పెట్టి పెట్టె వెలిగించాను. గుమాస్తా వచ్చి నొక్కాడు, పలికింది. గార్డు లోపలికి వచ్చి నొక్కాడు, పలికింది. ఇద్దరూ బాగుందన్నారు.

ఆరు కావస్తోంది. బయట బెంచీ మీద నైట్ షిఫ్టుకు వెళ్లే కార్మికుడొకడు కూర్చుని బూటు లేసు కట్టుకుంటున్నాడు. అతని బొటనవేలు చూశాను. గోరు చుట్టూ చర్మం సిమెంటుకు తెల్లబడి పగిలి ఉంది. పిలిస్తే వచ్చేవాడు. అయిదు అడుగుల దూరం. పిలవలేదు. పలక్కపోతే పది తెరల లెక్క బయటపడుతుంది, ఆ షాపువాడి షరతు బయటపడుతుంది, నా గొప్ప బేరం అందరి ముందూ నవ్వులపాలవుతుంది. పెట్టె సంచిలో పెట్టుకుని, లారీలు రాకముందే బస్సెక్కాను.

మర్నాడు అక్క అడిగింది. "నొక్కించావా?"

"నొక్కించాను. ఇద్దరు నొక్కారు. పలికింది."

అబద్ధం ఒక్క అక్షరం లేదు చూడండి. కొట్టు మీద పెరిగినవాడు అబద్ధం ఆడడు. కొన్నవాడికి ఎంత చెప్పాలో అంతే చెబుతాడు. పదిమందిని అడిగితే ఇద్దరేనా అని అక్క ఒక్క క్షణం చూసింది. తర్వాత, "నువ్వు చూశావుగా, సరే" అంది.

శుక్రవారం సాయంత్రం బాస్ వ్యానులో అందరం వెళ్లాం. అక్క దారిలో మల్లెపూలు కొనుక్కుని పెట్టుకుంది. ఇన్నేళ్లలో తను చేసిన వస్తువును తనే తీసుకెళ్లి చూపించడం అదే మొదటిసారి. మెట్ల దగ్గర గోడకు రెండు పెట్టెలూ బిగించింది. మేనేజరు, గుమాస్తా వచ్చి నిలబడ్డారు. లారీలు వచ్చాయి. మనుషులు బూట్లు చేత్తో పట్టుకుని దిగుతున్నారు. మేనేజరు అందులో ఒకణ్ణి పిలిచాడు. "నీ గదిలో ఫ్యాను పాడైందన్నావు కదా, ఇందులో చెప్పు."

శ్రీకాకుళం వైపు మనిషి. నన్ను చూసి తెలుగువాడని పోల్చుకోగానే అతని ముఖం వెలిగింది. తెర మీద తెలుగు అన్న మాట చూసి ఇంకా వెలిగింది.

"మన బాసే ఉందే!" అన్నాడు, భాష అని. వేలు పెట్టాడు. ఏమీ కాలేదు.

"ఇంకోసారి నొక్కు" అన్నాను.

నొక్కాడు. ప్యాంటుకు వేలు తుడుచుకుని నొక్కాడు. అందరూ చూస్తున్నారని చెమట పట్టింది, చొక్కాకు తుడుచుకుని మళ్లీ నొక్కాడు.

"గట్టిగా" అన్నాను. గట్టిగా నొక్కితే పలికే రకం అది కాదని ఆ గుంపులో తెలిసినవాళ్లు ఇద్దరే. ఒకరు నేను.

"నానొత్తతన్నాను బాబూ. అదే ఇనుకోడం నేదు." వెనక ఎవరో నవ్వారు. అతను చెయ్యి వెనక్కి తీసుకుని, రెండో చేత్తో కప్పుకున్నాడు. "పెట్టి మంచిదే బాబూ. నా సెయ్యే మంచిది కాదు."

ఆ మాట మేనేజరుకు, బాస్‌కు అర్థం కాలేదు. అక్కకు అర్థమైంది. ముందుకు వచ్చి, తన అరవం కలిసిన తెలుగులో, "లేదు అప్పా, నీ చెయ్యికేం? చిటికెన వేలు పెట్టి చూడు" అంది. పెట్టాడు. తెర పలికింది. తర్వాత వచ్చినవాడికి చిటికెన వేలితోనూ పలకలేదు. ఆ తర్వాత వచ్చినవాడు అద్దం మీద పిడికిలితో కొట్టాడు.

"ఎవడికి ఏ వేలో నేను ఒక్కొక్కడికీ నేర్పాలా?" అన్నాడు మేనేజరు ఇంగ్లీషులో. "మీరు ముందే ఇక్కడివాళ్ల చేత చూపించలేదా?"

"చూపించాం సార్" అంది అక్క వెంటనే. "మంగళవారం మావాడు వచ్చాడు. ఇద్దరు నొక్కారు, పనిచేసింది."

పాపం గుమాస్తా సాయం చేద్దామనుకున్నాడు. "అవును, అవును. ఆ ఇద్దరం మేమే. నేనూ, గార్డూ."

అక్క తల తిప్పి నా వైపు చూసింది. కోపంగా కాదు. బోర్డు పలక్కపోతే ఏ తీగ ఊడిందో వెతికేటప్పుడు ఎలా చూసేదో, అలా చూసింది. దొరికింది.

బాస్ మా ఇద్దరి వైపూ తిరిగాడు. "ఈ స్క్రీన్ ఎవరు చూజ్ చేశారు?"

ఆమె చెప్పవచ్చు. చీటీ ఉంది, దాని మీద గీత ఉంది. చెప్పలేదు, నాకోసం ఆగింది. నేను చెప్పాలి, ఒక్క ముక్క చెబితే చాలు. అప్పుడు నా నోట్లోంచి వచ్చిన మాట ఇది:

"అందరం కలిసే చూశాం బాస్."

సోమవారం నుంచి అక్క నన్ను మకాన్ అయిందా అని అడగలేదు. రెండు నెలల్లో బెంచి గది ఖాళీ అయింది. చివరి రోజు ఆమె తన టంకం కడ్డీ చల్లారే దాకా కూర్చుని, తీగ చుట్టుకుంటూ అంది: "నీ మీద కోపం లేదని చెప్పి వెళ్లాలని పొద్దున్నుంచి చూస్తున్నాను తమ్ముడూ. రావడం లేదు ఆ మాట. వస్తే ఫోన్ చేస్తాను."

ఫోన్ రాలేదు.

నేను మరో అయిదేళ్లు అక్కడే పనిచేశాను. రిటైరైన రోజు బాస్ భోజనానికి తీసుకెళ్లాడు. రెండు మూడు మెచ్చుకోళ్లు విన్నాక నాకు తినబుద్ధి కాలేదు. క్రాంజీ తెరల సంగతి మొత్తం చెప్పేశాను: చీటీ, వెనక్కి ఇవ్వని షరతు, మంగళవారం ఎక్కిన బస్సు. అతను చాప్‌స్టిక్స్ కింద పెట్టాడు.

"తెర మార్చడానికి ఆమెకి ఎంతసేపు పట్టేది?"

"అరగంట."

"ఆ రోజు నువ్వు అక్కడే చెప్పి ఉంటే మేనేజర్ని ఇంకో వారం అడిగేవాణ్ణి. ఇచ్చేవాడు. డిజైనే తప్పనుకున్నాను నేను. ఆమె తప్పనుకున్నాను." చాప్‌స్టిక్స్ మళ్లీ అందుకుని, "తిను లా, చల్లారిపోతోంది" అన్నాడు.

ఆ వారంలోనే అక్క ఎక్కడుందో కనుక్కుని వెళ్లాను. సెరంగూన్‌లో పెద్ద మాల్ కింద ఫుడ్ కోర్టు. తిని వదిలేసిన ట్రేలు ఎత్తే బండి తోసుకుంటూ వచ్చింది. తల నెరిసింది. నన్ను చూసి ఆగింది. నేను లేచి నిలబడ్డాను. దారంతా కూర్చుకున్న మాటలన్నీ పోయి, ఒక్కటే మిగిలింది.

"తప్పు నాది అక్కా."

"తెలుసు" అంది. "ఆ ట్రే ఇటివ్వు."

ఇచ్చాను. బల్ల తుడిచి, పక్క బల్లకు వెళ్లింది.

ఇక బిల్లు. తెరకు పద్నాలుగు డాలర్ల చొప్పున పదింటి మీద నూట నలభై మిగిల్చాను. ఆ పదీ ఎందుకూ పనికిరాలేదు కనుక వాటికి పెట్టిన మూడు వందల ఎనభై పోయింది. అది కంపెనీ భరించింది, నేను కాదు. ఆ బ్లాకులకు పెట్టెలు రాలేదు. ఆ ఫ్యాను ఎన్నాళ్లకు తిరిగిందో నాకు తెలియదు, ఆ ఉక్క శ్రీకాకుళం మనిషి భరించాడు. బెంచి మీద ఉండాల్సిన నాలుగేళ్ల జీతానికీ ట్రేలు ఎత్తితే వచ్చేదానికీ ఉన్న తేడా అక్క భరించింది. నడుము నొప్పి కూడా ఆమెదే. నా పేరు మీద ఒకే ఒక్క పద్దు ఉంది. బెంచి మూశాక తయారు పెట్టెలన్నీ బయటి నుంచి కొనవలసి వచ్చింది, కొనుగోలు పని రెట్టింపయింది, ఆ ఏడు నా జీతం పెంచారు. అయిదేళ్లు తీసుకున్నాను. ఎటు నుంచి కూడినా లాభం నాకే తేలుతోంది.